మనిషి కణాలపై బయోఫిల్మ్ ఇన్ఫెక్షన్: ప్రయోగశాల నమూనాలు

బ్యాక్టీరియాలు ఏదైనా ఉపరితలానికో, ఒకదానికొకటో అంటుకుని, తామే స్రవించిన జిగురులో గుంపుగా బతికితే ఆ గుంపును బయోఫిల్మ్ అంటారు. పంటి పాచి, మూత్రపు గొట్టం లోపలి గోడకు పట్టే జిగట, నెలల తరబడి మానని షుగరు పుండు, సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగి కఫంలో ఏళ్లకేళ్లు తిష్ఠవేసే సూడోమోనాస్: వీటన్నిటిలోనూ కనిపించేది ఇదే. ఆ జిగురులో పాలీశాకరైడ్‌లు, ప్రోటీన్లు, కణాల నుంచి బయటపడిన డీఎన్ఏ ఉంటాయి. గుంపు లోపలి బ్యాక్టీరియాలకు ఆక్సిజన్, ఆహారం తక్కువగా అందుతాయి కాబట్టి అవి నెమ్మదిగా పెరుగుతాయి. చురుగ్గా పెరిగే కణాలనే గట్టిగా దెబ్బతీసే యాంటీబయాటిక్‌లు వాటి మీద సరిగా పనిచేయవు. విడిగా ఈదుతున్నప్పుడు ఏ మోతాదుకు చచ్చిపోతాయో, అదే మోతాదుకు గుంపులో ఉన్నప్పుడు లొంగవు.

ఈ గుంపు ఎలా కుదురుకుంటుందో రోగి శరీరంలో గంట గంటకూ చూసే వీలు లేదు. కఫం, చీము, తొలగించిన గుండె కవాటం, చిన్న ముక్క బయాప్సీ చేతికి వచ్చేసరికి జరగాల్సిందంతా జరిగిపోయి ఉంటుంది. అందుకే బ్యాక్టీరియానూ మనిషి కణాలనూ ఒకే గిన్నెలో పెంచి, ఒకదాని ప్రభావం మరొకదాని మీద ఎలా ఉంటుందో చూసే నమూనాలు పుట్టాయి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటి గురించే. వాటిలో బాగా పరిశీలించినది సూడోమోనాస్ ఎరుజినోసాను శ్వాసనాళ కణాల మీద పెంచే పద్ధతి కనుక దానికి ఎక్కువ చోటిచ్చాం.

గుంపు సంగతి తెలిసిన తీరు

1680ల్లో డచ్చి పట్టణం డెల్ఫ్ట్‌లో లీవెన్‌హుక్ తన పళ్ల సందుల్లోని పాచిని సొంతంగా చేసుకున్న సూక్ష్మదర్శినితో చూసి, అందులో కదలాడే జీవుల గురించి లండన్ రాయల్ సొసైటీకి రాశారు. వెనిగర్ తగిలితే పాచి పైభాగంలో ఉన్నవే చస్తున్నాయనీ, లోపలివి బతికే ఉంటున్నాయనీ ఆయన అప్పుడే గమనించారు. బయోఫిల్మ్ మందును తట్టుకుంటుందన్న పరిశీలన అంత పాతది.

తర్వాతి రెండు వందల ఏళ్లలో సూక్ష్మజీవశాస్త్రం మరో దారి పట్టింది. రాబర్ట్ కాక్ 1881లో గట్టి మీడియా మీద ఒకే జాతిని వేరుచేసి పెంచే పద్ధతిని చూపారు. 1887లో పెట్రి తన మూత గిన్నెను పరిచయం చేశారు. కలరా, క్షయ లాంటి జబ్బుల మూలాలు తేలడానికి ఈ శుద్ధ కల్చర్ పద్ధతే దారి చూపింది. దాని విజయం ఎంత పెద్దదంటే, కుదుపుతున్న ఫ్లాస్కులో విడివిడిగా ఈదే బ్యాక్టీరియానే అసలు బ్యాక్టీరియా అని దాదాపు శతాబ్దం పాటు అందరూ అనుకున్నారు. ఈ రోజుకీ ఆస్పత్రి ల్యాబు ఇచ్చే సెన్సిటివిటీ రిపోర్టు విడి బ్యాక్టీరియా మీద చేసిన పరీక్షే.

1943లో అమెరికన్ సముద్ర సూక్ష్మజీవ శాస్త్రవేత్త క్లాడ్ జోబెల్ సీసాలో పట్టిన సముద్రపు నీటిలో బ్యాక్టీరియాలు గాజు గోడ మీదకు చేరుతున్నాయని వివరంగా రాశారు. 1970ల్లో కోపెన్‌హాగన్‌లో నీల్స్ హొయ్‌బి సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల కఫంలో సూడోమోనాస్ ముద్దలు ముద్దలుగా ఉండటం చూశారు. కెనడాకు చెందిన విలియం కాస్టర్టన్ ఈ తీగలన్నిటినీ కలిపారు. పంజాబ్‌లోని బటాలాలో కొన్నేళ్లు కాలేజీలో పనిచేసిన ఈ శాస్త్రవేత్త, 1978లో ఇద్దరు సహచరులతో కలిసి సైంటిఫిక్ అమెరికన్‌లో రాసిన వ్యాసంలో, ప్రకృతిలో బ్యాక్టీరియాలు ఎక్కువగా అంటుకునే బతుకుతాయని వాదించారు. 1982లో ఆయన బృందం ఒక పేస్‌మేకర్ తీగ మీద పేరుకున్న స్టాఫిలోకాకస్ పొరను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపింది. 1990లో మోంటానా రాష్ట్రం బోజ్‌మన్‌లో ఈ ఒక్క విషయానికే పెద్ద పరిశోధన కేంద్రం ఏర్పడింది.

ప్లాస్టిక్ మీద, గాజు మీద

అన్నిటికన్నా ఎక్కువగా వాడే పరీక్షలో మనిషి కణం ఊసే ఉండదు. 96 గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో బ్యాక్టీరియా ద్రవం పోసి ఒక రోజు ఉంచుతారు. ద్రవం వంపేసి, నీళ్లతో కడిగి, క్రిస్టల్ వయొలెట్ రంగు వేస్తారు. గోడకు అంటుకున్నవి ఊదారంగు వలయంలా మిగులుతాయి. ఆ రంగును ఆల్కహాల్‌లోనో ఎసిటిక్ ఆమ్లంలోనో కరిగించి, ఎంత చిక్కగా ఉందో యంత్రంతో కొలుస్తారు. 1985లో క్రిస్టెన్సన్ బృందం స్టాఫిలోకాకస్ కోసం పళ్లెం పద్ధతిని వాడింది; 1998లో జార్జ్ ఒటూల్, రాబర్టో కోల్టర్ ఇదే పద్ధతితో అంటుకోలేని సూడోమోనాస్ ఉత్పరివర్తితాలను ఏరి, అంటుకోవడానికి ఏ జన్యువులు కావాలో చూపారు. చవకగా, వేగంగా వందల నమూనాలను జల్లెడ పట్టడానికి దీన్ని మించింది లేదు.

1999లో వచ్చిన కాల్గరీ పరికరంలో పళ్లెం మూతకు 96 చిన్న మొలకలు ఉంటాయి. బయోఫిల్మ్ వాటి మీద పెరుగుతుంది. మూతను ఎత్తి యాంటీబయాటిక్ ఉన్న మరో పళ్లెంలో ముంచితే, గుంపును పూర్తిగా తుడిచిపెట్టే మోతాదు ఎంతో తెలుస్తుంది. సీడీసీ రియాక్టర్‌లో ఎనిమిది కడ్డీలు, ఒక్కో దానికి మూడు బిళ్లలు, మధ్యలో తిరిగే కవ్వం, నిరంతరం వచ్చి పోయే ద్రవం ఉంటాయి. ఈ రెంటికీ ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ప్రమాణాలున్నాయి కాబట్టి వేర్వేరు ల్యాబుల ఫలితాలను పోల్చవచ్చు. సన్నటి గాజు గదిలో ద్రవాన్ని పారిస్తూ, మెరిసే ప్రోటీన్ ఉన్న బ్యాక్టీరియాను కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శినితో చూసే ఫ్లో సెల్ మరో మెట్టు. పాఠ్యపుస్తకాల్లో కనిపించే పుట్టగొడుగు ఆకారపు బయోఫిల్మ్ బొమ్మలు చాలావరకు ఈ గాజు గదుల నుంచి వచ్చినవే.

అయితే పాలీస్టైరీన్ పళ్లెం ఇనుమును విడుదల చేయదు, శ్లేష్మం స్రవించదు, చచ్చిపోయి తన డీఎన్ఏను బ్యాక్టీరియాకు ఆసరాగా ఇవ్వదు. సజీవ కణం ఇవన్నీ చేస్తుంది. కాథెటర్ మీది ఇన్ఫెక్షన్‌ను అర్థం చేసుకోవడానికి ప్లాస్టిక్ సరిపోవచ్చు. ఊపిరితిత్తి, మూత్రాశయం, కంటి పొర విషయంలో అది చెప్పేది సగమే.

కలిపి పెంచితే వచ్చే చిక్కు

మనిషి కణాలనూ బ్యాక్టీరియానూ ఒకే గిన్నెలో పెట్టడం వినడానికి తేలికే. ఇబ్బంది అంతా వేగం దగ్గర ఉంది. గిన్నెలో పెరిగే మనిషి కణం రెట్టింపు కావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. మంచి ఆహారం దొరికితే బ్యాక్టీరియాకు అరగంట చాలు. అరగంటకోసారి రెట్టింపయ్యే ఒక్క బ్యాక్టీరియా ఎనిమిది గంటల్లో 65,536 అవుతుంది. ఈలోగా అది మీడియాలోని చక్కెరను తినేసి ఆమ్లం వదులుతుంది, విషాలు స్రవిస్తుంది. సాధారణ సెల్ కల్చర్ మీడియాలో కలిపే ఫినాల్ రెడ్ రంగు ఎరుపు నుంచి నారింజకు, నారింజ నుంచి పసుపుకు మారుతుంది. పసుపు తేలిందంటే కింద ఉన్న కణాలు గిన్నెను వదిలి గుండ్రంగా ముడుచుకుని తేలిపోతున్నాయనే చాలాసార్లు అర్థం. పరిణతి చెందిన బయోఫిల్మ్ ఏర్పడటానికి రోజులు కావాలి. కణాల పొర గంటల్లో కూలిపోతుంది. ఈ రంగంలోని ప్రతి పద్ధతీ ఈ గంటల బేరానికి ఒక్కో జవాబు.

కొందరు కణాలను ముందే పారాఫార్మాల్డిహైడ్‌తో బిగించి, చచ్చినా ఆకారం చెడని ఆ పొర మీద బ్యాక్టీరియాను రోజుల తరబడి పెంచుతారు. 2012లో హాకన్సన్ బృందం న్యూమోకాకస్‌ను ఇలాగే బిగించిన శ్వాసనాళ కణాల మీద, ముక్కు లోపలి వేడికి దగ్గరగా ఉండే 34 డిగ్రీల వద్ద పెంచి, గాజు మీద కంటే ఎంతో గట్టి బయోఫిల్మ్ వస్తుందని చూపింది. ఆ బ్యాక్టీరియాలు బయటి డీఎన్ఏను తమలో చేర్చుకోవడంలోనూ ముందున్నాయి. ఈ పద్ధతిలో కణం ఉపరితలంగా మాత్రమే పనికొస్తుంది, స్పందించలేదు. మరికొందరు బయోఫిల్మ్‌ను విడిగా బిళ్ల మీద పెంచి తెచ్చి కణాల మీద ఉంచుతారు, లేదా బయోఫిల్మ్ వదిలిన ద్రవాన్ని వడగట్టి కణాలకు ఇస్తారు. మొదటి దానిలో అంటుకునే దశ తెలియదు. రెండో దానిలో బ్యాక్టీరియాయే ఉండదు. సజీవ కణం మీదే మొదటి నుంచి పెంచాలంటే నేర్పు కావాలి.

శ్వాసనాళ కణాల మీద సూడోమోనాస్

సిస్టిక్ ఫైబ్రోసిస్ ఐరోపా సంతతి వారిలో ఎక్కువగా కనిపించే జన్యు వ్యాధి. 1989లో గుర్తించిన సీఎఫ్‌టీఆర్ జన్యువు దెబ్బతింటే కణాల నుంచి క్లోరైడ్ సరిగా బయటికి పోక, శ్వాసనాళాల్లో శ్లేష్మం చిక్కబడి కదలకుండా పోతుంది. అందులో చేరిన సూడోమోనాస్‌ను ఎన్ని మందులు వాడినా పూర్తిగా తొలగించడం చాలాసార్లు సాధ్యపడదు. ఈ జబ్బు ఉన్న ఒకరి శ్వాసనాళం నుంచి తీసి, ఎడతెగకుండా పెరిగేలా మార్చిన సెల్ లైన్ పేరు సీఎఫ్‌బీఈ41ఓ. బ్యాక్టీరియా వైపు తరచూ వాడేది పీఏఓ1. 1950ల్లో మెల్‌బోర్న్‌లో ఒక రోగి గాయం నుంచి వేరుచేసిన జాతి అది. దాని జన్యుక్రమం 2000లో వెలువడింది.

అమెరికాలోని డార్ట్‌మత్‌లో బ్రూస్ స్టాంటన్, జార్జ్ ఒటూల్ బృందాలు 2008 ప్రాంతంలో తీర్చిదిద్దిన పద్ధతి ఇలా సాగుతుంది. కణాలను ఏడు నుంచి పది రోజులు పెంచి, మధ్యలో ఖాళీ లేకుండా గట్టిగా అతుక్కున్న పొర తయారుచేస్తారు. పొరలోంచి విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో కొలిస్తే అతుకులు బిగిశాయో లేదో తెలుస్తుంది. ముందురోజు పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ ఉన్న మీడియా తీసేయాలి; అవి కొంచెం మిగిలినా బ్యాక్టీరియా ఎదగదు. బ్యాక్టీరియాలోని మెరిసే ప్రోటీన్ వెలుగును సూక్ష్మదర్శినిలో చూడాలి కాబట్టి ఫినాల్ రెడ్ లేని మీడియా వాడతారు. ఒక్కో మనిషి కణానికి సుమారు ముప్ఫై బ్యాక్టీరియాల చొప్పున వదిలి, 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండే ఇంక్యుబేటర్‌లో ఒక గంట ఉంచుతారు. గంట తర్వాత అంటుకోని వాటిని కడిగేసి, 0.4 శాతం అర్జినైన్ కలిపిన కొత్త మీడియా పోస్తారు.

కిటుకు అంతా ఈ అర్జినైన్‌లోనే ఉంది. ఈ అమైనో ఆమ్లం కలిపితే బ్యాక్టీరియాలు విడిగా ఈదుతూ కణాలను చంపడం తగ్గించి, గుంపు కట్టడం వైపు మొగ్గుతాయి. కణాల పొర ఇంకొన్ని గంటలు నిలుస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటల్లో కణాల మీద పచ్చగా మెరిసే చిన్న చిన్న గుట్టలు కనిపించడం మొదలవుతుంది. ఎనిమిది గంటలు దాటితే పొర చిరిగిపోతుంది. ద్రవం పారుతూ ఉండే గదిలోనూ ఇదే ప్రయోగం చేస్తారు. అక్కడ వ్యర్థాలు కొట్టుకుపోతాయి, విడి బ్యాక్టీరియా పోగుపడదు.

ఇంత శ్రమపడి తెలుసుకున్నదేమిటి? ప్లాస్టిక్ మీద అంటుకోవడానికి అవసరమైన కశాభం, పిలస్ జన్యువులు కణాల మీద కూడా అవసరమేనని ముందుగా తేలింది. అంటే ప్లాస్టిక్ పళ్లెం చెప్పిన మాట ఆ మేరకు నిజమే. కానీ టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చినప్పుడు కథ మారిపోయింది. కణాల మీది గుట్టలు మందును గట్టిగా తట్టుకున్నాయి. వాటి జన్యువుల స్పందన ప్లాస్టిక్ మీది గుంపు స్పందనకు భిన్నంగా ఉంది. సూడోమోనాస్ తన గుంపుతో మాట్లాడటానికి వాడే క్వినొలోన్ సంకేతాన్ని తయారుచేసే జన్యువులు కణాల మీద పెరిగిన గుంపులోనే తగ్గాయి. మెగ్నీషియాన్ని చేరవేస్తుందని భావిస్తున్న ఎంజీటీఈ జన్యువు, మందు తగిలినప్పుడు కణాల మీద మాత్రమే పెరిగింది; దాన్ని తీసేస్తే బ్యాక్టీరియా కణాలను మరింత ఘోరంగా దెబ్బతీసింది. ప్లాస్టిక్‌తోనే ఆగి ఉంటే ఈ జన్యువు మీద ఎవరి చూపూ పడేది కాదు.

2008లోనే అదే బృందం మరో ముఖ్యమైన విషయం బయటపెట్టింది. లోపమున్న సీఎఫ్‌టీఆర్ గల కణాల మీద బయోఫిల్మ్ ఎక్కువగా వచ్చింది. జన్యువును సరిచేసిన కణాల మీద తగ్గింది. కారణం ఇనుము. లోపమున్న కణాలు ఎక్కువ ఇనుము విడుదల చేస్తున్నాయి, సూడోమోనాస్‌కు అది బలం. ఇనుమును పట్టి ఉంచే డెఫెరాక్సమైన్, డెఫెరాసిరాక్స్ మందులు అప్పటికే థలసీమియా రోగుల కోసం వాడకంలో ఉన్నాయి. వాటిని టోబ్రామైసిన్‌తో కలిపి ఇస్తే కణాల మీది బయోఫిల్మ్ బాగా తగ్గిపోయిందని 2009లో ప్రకటించారు. 2016లో పిట్స్‌బర్గ్‌లో బాంబర్గర్ బృందం ఇదే తరహా నమూనాలో శ్వాసకోశ సిన్సీషియల్ వైరస్‌ను ముందుగా సోకించింది. వైరస్ సోకిన కణాలు పైవైపు ఎక్కువ ఇనుమును వదిలి బయోఫిల్మ్‌ను పెంచాయి. జలుబు చేసిన తర్వాత ఈ రోగుల్లో సూడోమోనాస్ ఎందుకు ముదురుతుందో ఒక కారణం దొరికింది. ఇలాంటి జవాబు స్పందించే కణం లేకుండా రాదు. ఈ నమూనా పడ్డ కష్టానికి నా దృష్టిలో ఇదే అసలైన ఫలం.

సెల్ లైన్లకు కూడా పరిమితులున్నాయి. అవి ద్రవంలో మునిగి పెరుగుతాయి. నిజమైన శ్వాసనాళం పైవైపు గాలి తగులుతుంది. అందుకని దాతల నుంచి తీసిన కణాలను సన్నటి రంధ్రాల పొర మీద వేసి, కింద ఆహారం, పైన గాలి ఉండేలా మూడు నాలుగు వారాలు పెంచుతారు. వాటికి కదిలే శైలికలు వస్తాయి, శ్లేష్మం ఊరుతుంది. బ్యాక్టీరియాను చాలా తక్కువ ద్రవంలో పైన వేస్తే చాలు. ఖర్చు ఎక్కువ, దాతకూ దాతకూ తేడా ఎక్కువ. అయినా శ్లేష్మం గురించి ప్రశ్న అడగాలంటే ఇదే సరైన చోటు. నాసా రూపొందించిన తిరిగే పాత్రలో ఏ549 ఊపిరితిత్తి కణాలను పూసల మీద త్రిమితీయంగా పెంచి సూడోమోనాస్‌తో కలిపే పద్ధతిని 2005లో షెరిల్ నికర్సన్ తదితరులు ప్రచురించారు.

మూత్రాశయం: కణం లోపలి గుంపు

మూత్రనాళ ఇన్ఫెక్షన్లు తిరగబెట్టడానికి కారణం వెతుకుతూ సెయింట్ లూయిస్‌లో స్కాట్ హల్ట్‌గ్రెన్ బృందం 2003లో ఎలుకల మూత్రాశయంలో ఆశ్చర్యపరిచే దృశ్యాన్ని చూసింది. ఈ.కోలి కణాల మీద కాకుండా కణాల లోపలే బయోఫిల్మ్ లాంటి గుంపులు కట్టింది. 2007లో మహిళల మూత్రంలో రాలిపడిన కణాలను పరిశీలిస్తే, మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఉన్న 80 నమూనాల్లో 14లో ఇలాంటి గుంపులు కనబడ్డాయి. ఎలుకలో చూసింది మనుషుల్లోనూ ఉందని అది సాక్ష్యం.

దీన్ని గిన్నెలో పునఃసృష్టించడం కష్టం, ఎందుకంటే మూత్రాశయం నిండుతుంది, సాగుతుంది, ఖాళీ అవుతుంది. స్విట్జర్లాండ్ లోజాన్‌లో మెకినీ ప్రయోగశాల 2021లో ప్రకటించిన మూత్రాశయ చిప్ ఈ కదలికను కూడా చేర్చింది. సన్నటి సాగే పొరకు ఒక వైపు మనిషి మూత్రాశయ కణాలు, రెండో వైపు రక్తనాళ కణాలు. పైన పలుచబరచిన మూత్రం పారుతుంది, కింద రక్తనాళం వైపు నుంచి న్యూట్రోఫిల్‌లు అనే తెల్లకణాలను పంపవచ్చు. న్యూట్రోఫిల్‌లు పొరను దాటి వచ్చి బయటి బ్యాక్టీరియాపై దాడి చేశాయి, యాంటీబయాటిక్ ఇచ్చినప్పుడు బయటివి చచ్చాయి. కణాల లోపలి గుంపులు మాత్రం నిలిచి, మందు ఆపగానే మళ్లీ పెరిగాయి. నిరోధక కణాలను, సాగుదలను, మందు చక్రాలను ఒకే చోట చూపిన నమూనాలు చాలా కొద్ది. 2010లో హార్వర్డ్‌లో వచ్చిన ఊపిరితిత్తి చిప్ ఈ దారికి మొదటి అడుగు.

చర్మం, కన్ను, ఇంప్లాంట్

2008లో గార్త్ జేమ్స్ బృందం 50 దీర్ఘకాలిక పుండ్లను పరిశీలిస్తే 30లో బయోఫిల్మ్ కనిపించింది. కొత్త గాయాల్లో 16కు ఒక్కటిలోనే. చర్మం విషయంలో హకాట్ కెరటినోసైట్ సెల్ లైన్ నుంచి, కొల్లాజెన్ జెల్ మీద పొరలు పొరలుగా పెంచిన కృత్రిమ చర్మం వరకు నమూనాలున్నాయి. వీటి మీద గీరో, కాల్చో గాయం చేసి స్టాఫిలోకాకస్‌ను వేస్తారు. పుండులో ఉండే రక్తప్రసరణ లోపం, షుగరు, తెల్లకణాల పోగు ఇందులో ఉండవు.

కంటి విషయంలో హైదరాబాద్ పని చెప్పుకోదగ్గది. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి పరిశోధకులు, కంటి రోగుల నుంచి వేరుచేసిన స్టాఫిలోకాకస్ ఆరియస్, ఎపిడెర్మిడిస్ జాతులను శరీరం బయట ఉంచిన మనిషి కార్నియాల మీద పెంచి, అంటుకునే దశ నుంచి చెదిరిపోయే దశ వరకు గమనించి 2021లో ప్రచురించారు. సెల్ లైన్‌లో లేని నిజమైన కార్నియా పొరల అమరిక ఇందులో యథాతథంగా ఉంటుంది. నేత్రదానం చేసిన కుటుంబాల ఔదార్యం ఇలాంటి పరిశోధనకు కూడా ఆధారమని గుర్తుంచుకోవాలి.

ఇంప్లాంట్‌ల దగ్గర ప్రశ్న వేరు. 1987లో ఆంథొనీ గ్రిస్టినా కొత్తగా అమర్చిన లోహం లేదా ప్లాస్టిక్ మీద బ్యాక్టీరియాకూ శరీర కణాలకూ మధ్య ఉపరితలం కోసం పోటీ జరుగుతుందని రాశారు. ఎవరు ముందు పరుచుకుంటే వారిదే చోటు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ బృందం 2009లో దీన్ని ఫ్లో గదిలో పరీక్షకు పెట్టింది. ముందుగా స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్‌ను కొద్దిగా అంటించి, తర్వాత ఎముక తరహా యూ2ఓఎస్ కణాలను వదిలి, రెండూ ఒకేసారి పెరిగే మీడియా పారించారు. ముందు అంటుకున్న బ్యాక్టీరియా ఎంత ఎక్కువైతే కణాలు అంత తక్కువగా పరుచుకున్నాయి.

కొలతలో దాగిన పొరపాట్లు

ప్లాస్టిక్ పళ్లెంలో నమ్మకంగా పనిచేసే కొలతలు కణాలు చేరగానే తప్పుదారి పట్టిస్తాయి. క్రిస్టల్ వయొలెట్ మనిషి కణానికీ అంటుతుంది, కాబట్టి రంగు చిక్కదనం ఎవరిదో చెప్పలేం. ప్లేటు మీద కాలనీలు లెక్కపెడితే, విడిపోని ఒక గుట్ట ఒక్క కాలనీగానే లెక్కలోకి వస్తుంది. విడదీయడానికి శబ్దతరంగాలు వాడితే మోతాదు ఎక్కువై బ్యాక్టీరియా చచ్చే ప్రమాదమూ ఉంది.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది జెంటామైసిన్ పరీక్ష. ఈ మందు మనిషి కణం లోపలికి పెద్దగా వెళ్లదు; కాబట్టి బయటి బ్యాక్టీరియా అంతా చచ్చాక మిగిలింది కణంలోకి దూరినదేనని లెక్కవేస్తారు. బయట ఉన్నది బయోఫిల్మ్ అయితే అది కూడా బతికే ఉంటుంది. అప్పుడు కణం మీద ఉన్న గుంపును కణం లోపలిదిగా లెక్కవేసినట్టే. కాన్‌ఫోకల్ చిత్రం లేకుండా ఈ అంకె ఒక్కటే ఇచ్చే వ్యాసాన్ని జాగ్రత్తగా చదవాలి. కణాల చావును కొలవడానికి ఎల్‌డీహెచ్ ఎంజైమ్ బయటికి రావడాన్ని వాడతారు; బ్యాక్టీరియా స్రవించే ప్రోటియేజ్‌లు ఆ ఎంజైమ్‌ను తినేసే అవకాశం ఉంది కనుక, పక్కన సరైన పోలిక ప్రయోగం ఉండాలి.

సెల్ లైన్ అసలు ఎవరిదన్న ప్రశ్న కూడా చిన్నది కాదు. ఈ.కోలి అంటుకునే తీరును వర్గీకరించడానికి దశాబ్దాలుగా వాడిన హెప్-2 కణాలు స్వరపేటిక కణాలని చెప్పేవారు. జన్యుపరీక్షలో అవి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి వచ్చిన హీలా కణాలని తేలింది.

రోగికి ఎంత దగ్గర

2013లో థామస్ బ్యార్న్‌షోల్ట్ బృందం రోగుల నమూనాల్లో కనిపించే బయోఫిల్మ్‌లను ప్రయోగశాలవాటితో పోల్చి సమీక్షించింది. శరీరంలోని గుంపులు చాలావరకు 5 నుంచి 200 మైక్రోమీటర్ల లోపే ఉన్నాయి. గాజు మీది పుట్టగొడుగులు కనబడలేదు. చాలాచోట్ల అవి ఏ ఉపరితలానికీ అంటుకోకుండా శ్లేష్మంలోనో చీములోనో, తెల్లకణాల మధ్య చిన్న ముద్దలుగా ఉన్నాయి. అలా చూస్తే కణాల మీద ఆరు గంటల్లో వచ్చే చిన్న గుట్టలు, రోజుల తరబడి గాజు మీద పెరిగిన భారీ నిర్మాణాల కంటే రోగికి దగ్గరగా ఉన్నాయనాలి. వయసు మాత్రం తేడా: ఏళ్ల నాటి ఇన్ఫెక్షన్‌లో బ్యాక్టీరియా జన్యుపరంగానే మారిపోయి ఉంటుంది.

మార్విన్ వైట్లీ బృందం 2007లో రోగుల కఫంలోని పదార్థాల కొలతల ప్రకారం కృత్రిమ కఫపు మీడియాను తయారుచేసింది. తర్వాత అదే బృందం రోగుల కఫంలోంచే సూడోమోనాస్ ఆర్ఎన్ఏను తీసి, ఏ నమూనాలో జన్యువుల పనితీరు దానికి దగ్గరగా ఉందో ఒక్కో జన్యువు చొప్పున పోల్చింది. కృత్రిమ కఫం, శ్వాసనాళ కణాల నమూనా రెండూ బాగా నిలిచాయి. ఒకటి పట్టలేని జన్యువులను కొంతవరకు మరొకటి పట్టింది. నమూనాల గురించి ఇష్టాయిష్టాలతో వాదించుకునే చోట ఈ పోలిక ఒక కొలబద్ద తెచ్చింది. ఇంగ్లండ్‌లో ఫ్రేయా హారిసన్ 2014 నుంచి మాంసం దుకాణాల్లో దొరికే పంది ఊపిరితిత్తుల ముక్కలను కృత్రిమ కఫంలో ఉంచి బయోఫిల్మ్ పెంచుతున్నారు. మనిషి కణాలు కాకపోయినా అసలు కణజాలపు అమరిక అందులో ఉంది, అదనంగా ఏ జంతువునూ చంపాల్సిన పని లేదు.

వైద్యం వైపు చూస్తే ఫలితం ఇంకా పలుచగానే ఉంది. బయోఫిల్మ్ మీద పరీక్షించి ఎంచుకున్న యాంటీబయాటిక్, మామూలు పరీక్షతో ఎంచుకున్న దానికంటే మెరుగ్గా పనిచేస్తుందేమోనని సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల్లో 2011లో ప్రచురించిన చిన్న యాదృచ్ఛిక పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ పరీక్షలో వాడిన బయోఫిల్మ్ పెరిగింది ప్లాస్టిక్ మొలకల మీద. మనిషి కణాల మీద పెరిగిన బయోఫిల్మ్‌తో మందును ఎంచే పరీక్ష ఏదీ ఆస్పత్రి వాడకంలోకి రాలేదు.

ప్లాస్టిక్ పద్ధతులకు ఉన్నట్టు కణాలతో కలిపి పెంచే పద్ధతులకు అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఇంకా లేదు. ఏ సెల్ లైన్, ఏ బ్యాక్టీరియా జాతి, కణానికి ఎన్ని బ్యాక్టీరియాలు, ఎన్ని గంటలు, ఏ మీడియా, కణాల పొర చివర్లో ఎంత మిగిలింది అనే వివరాలు ప్రచురణలో తప్పనిసరిగా ఇవ్వాలి. బయోఫిల్మ్‌ను తుడిచిపెట్టే కొత్త మందు దొరికిందని పత్రికలో చదివినప్పుడు, దాన్ని ప్లాస్టిక్ మీద పరీక్షించారా, సజీవ కణాల మీదా, రోగుల్లోనా అని పాఠకులు ముందుగా వెతకాలి.